ధర కట్టే వేళ

నాలుగున్నరలోగా చేయవలసినవి: రేవు కార్యాలయానికి ఫోన్ చేసి, లోపలికి రాలేక బయట సముద్రంలో ఆగిపోయిన చమురు ఓడలు ఎన్నో కనుక్కోవాలి. పైపులైను వాళ్లు పంపింగు ఆపేశారో, తగ్గించారో తేల్చుకోవాలి. రిఫైనరీ ప్రతినిధి చేత ఒక్క ముక్కయినా చెప్పించాలి. పాపకు రేపటికి తెల్ల మేజోళ్లు కొనమని ఆయనకు గుర్తు చేయాలి. వాతావరణ శాఖ తాజా ప్రకటన చదవాలి. నిన్నటి నివేదికలో ఒక ఓడ పేరులో దొర్లిన తప్పుకు సవరణ రాయాలి. అత్తగారి కంటి చుక్కలు. అమ్మేవాళ్లు ఎంతంటున్నారు, కొనేవాళ్లు ఎంతంటున్నారు, ఆ రెండు మాటలూ ఎక్కడ కలుస్తున్నాయి, అది చూసి అంకె కట్టాలి. వీటన్నిటికంటే ముందు అమ్మకు ఫోన్ చేసి, ఏమీ కాలేదని చెప్పాలి. ఏమీ కాలేదని తనకెవరు చెబుతారన్నది మాత్రం ఈ జాబితాలో ఎక్కడా లేదు.

ఆమె పని ధర కట్టడం. పెట్రోలు అమ్మదు, కొనదు. దాన్ని కంటితో చూసేది తన స్కూటరు ట్యాంకు మూత తీసినప్పుడే. కానీ పొద్దు వాలే ఆ ఆఖరి గంటలో అమ్మే కంపెనీలూ కొనే కంపెనీలూ తమ బేరాలను ఈ ఆరో అంతస్తు ఆఫీసుకు చెబుతాయి, చెప్పినవి చెప్పినట్టు తెర మీదికి ఎక్కుతాయి, నాలుగున్నర అయ్యేసరికి ఇద్దరి మాటా ఎక్కడ కలిస్తే అదే ఆ రోజు అంకె. మర్నాడు బంకుల్లో ధర ఆ అంకె వెనకాలే నడుస్తుంది. ఇంటిల్లిపాదిలోనూ మొదటి డిగ్రీ తనది కనుక, ఆ డిగ్రీ ఏం చేసిపెడుతోందో నాన్నకు అర్థమయ్యేలా చెప్పడం తన బాధ్యత అనుకుని, ఒకసారి కూరల బజారుతో పోల్చి గంటసేపు చెప్పింది. పాలవ్యాను నడిపి నడిపి అరచేతుల్లో స్టీరింగు అచ్చు పడిపోయిన మనిషి ఆయన. ఓపిగ్గా అంతా విని, "అయితే నువ్వు కాయలు అమ్మవు, కొనవు, బజారు మధ్యలో నిలబడి ఎవరెంతకి అన్నారో వింటావు, దానికి జీతమిస్తారు. బానే ఉందమ్మా, నన్ను కూడా చేర్పించు" అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో తన పేరు ధరలమ్మ. పెట్రోలు పెరిగిన రోజున పొద్దున్నే ఫోన్ చేసి, "తల్లీ ధరలమ్మా, మా మీద ఇంకా కోపం పోలేదా" అంటాడు.

ఇవాళ ఫోన్ చేసింది మాత్రం అమ్మ. పలకరింపు కూడా లేకుండా, "తమ్ముడు ఫోన్ ఎత్తట్లేదే" అంది. తమ్ముడు సముద్రపు ఒడ్డున రిఫైనరీలో ఆపరేటరు. తుపాను వస్తోందంటే అందరినీ ఇళ్లకు పంపేసి, యంత్రాలను కనిపెట్టుకుని ఉండటానికి కొద్దిమందిని లోపలే ఉంచేస్తారు. వాళ్లకు మడత మంచాలు, రొట్టెలు, మంచినీళ్ల డబ్బాలు, ఒక పేకముక్కల కట్ట. పెళ్లాం పిల్లలున్న వాళ్లు ఇంటికి పోవాలి కదా అని తమ్ముడు తనంతట తానే పేరిచ్చాడు, ఆ సంగతి అమ్మకు చెప్పలేదు, అక్కకు చెప్పి అమ్మకు చెప్పొద్దన్నాడు, అక్క చెప్పలేదు. "పొద్దున మాట్లాడాడుగా అమ్మా, బానే ఉన్నాడు." "పొద్దున గాలి లేదుగా. ఇప్పుడుంది. టీవీలో చెట్లు పడిపోతున్నాయి. నీకు అన్నీ ముందే తెలుస్తాయి కదే, చూసి చెప్పు." అన్నీ ముందే తెలుస్తాయి, నిజమే, గాలి గంటకు ఎంత వేగంతో కొడుతోందో తెలుసు, అల ఎంత ఎత్తు లేస్తోందో తెలుసు, నిన్న ఏ ఓడ ఎన్ని పీపాల ముడి చమురుతో వెనక్కి మళ్లిందో తెలుసు, ఆ ఓడ రాకపోతే రిఫైనరీ ఎన్నాళ్లు ఉన్నదానితో నెట్టుకురాగలదో తెలుసు, ఒక్క పిల్లాడు ఇప్పుడు ఏ గదిలో ఉన్నాడో తెలీదు. పిల్లాడేమిటి, ముప్పై దాటిన మనిషి. అయినా అమ్మ గొంతులోంచి వింటే వాడెప్పుడూ చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్న పిల్లాడే.

వాడి నంబరు నొక్కింది. స్విచ్ఛాఫ్. మళ్లీ నొక్కింది, ఈసారి చూపుడువేలికి బదులు బొటనవేలితో, అదేదో తేడా తెస్తుందన్నట్టు. ఎంత మర్యాదగా చెబుతుందో ఆ ఫోనులో అమ్మాయి, దయచేసి కాసేపాగి ప్రయత్నించండి, కాసేపంటే ఎంత తల్లీ, నాలుగున్నర లోపా, ఆ తరవాతా. కిటికీ బయట ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది, ఇక్కడ చినుకు లేదు, ఎదుటి మేడ ముందు ఒకాయన కారు కడుక్కుంటున్నాడు, ఒక్కో చక్రానికీ ఒక్కో బకెట్టు, ఈయనకు తుపానుతో పనేమిటి, ఉంది, రేపు పొద్దున తెలుస్తుంది, రేపు ట్యాంకు నింపేటప్పుడు ఎక్కడో పడిన గాలివాన ఈయన జేబులో చెయ్యి పెడుతుంది. చిన్నప్పుడు ఒక తుపాను తరవాత బంకులన్నీ ఎండిపోయి, ఒక్క బంకులో సరుకుందంటే నాన్న పాలవ్యానులో తననూ తమ్ముణ్నీ ఎక్కించుకుని వెళ్లి వరసలో నిలబెట్టాడు. ఎంత పొడుగు వరస. వ్యాను కదిలినప్పుడల్లా తమ్ముడు కిటికీలోంచి తల బయటపెట్టి ఆ వాసన పీల్చేవాడు, పెట్రోలు వాసనంటే వాడికి చచ్చేంత ఇష్టం, పెద్దయ్యాక దీంట్లోనే పని చేస్తానన్నాడు, దీంట్లో అంటే పెట్రోల్లోనా అని నాన్న నవ్వాడు. తమ వంతు రావడానికి ఇంకో రెండు బళ్లున్నాయనగా బంకువాడు పొడుగాటి కర్ర పట్టుకొచ్చి బోర్డు మీది అంకెల పలకలు మార్చడం మొదలుపెట్టాడు. "మనం పాత ధరప్పుడే వచ్చాం కదా నాన్నా" అని తమ్ముడు ఏడుపు. "ఏం చేస్తాం రా. ధర లిఫ్టులో ఎక్కుతుంది, మెట్ల మీద దిగుతుంది" అన్నాడు నాన్న. ఆ మాట తను పరీక్షలో రాయలేదు గానీ, రాసిన నాలుగు పేజీల్లోనూ ఉన్నది అదే. తుపాను పోయిన మర్నాడే రోడ్లు బాగుపడొచ్చు, కరెంటు రావొచ్చు, ఆగిన రిఫైనరీ మాత్రం మీట నొక్కితే రాదు, వేడెక్కాలి, ఒత్తిడి పట్టాలి, ఒక్కో గొట్టాన్నీ తడిమి చూసుకోవాలి, వారాలు పడుతుంది, ఆ వారాలన్నిటికీ ధర ముందే ఎక్కి కూర్చుంటుంది.

మూడు ముప్పావు అయింది. రేవు కార్యాలయం వాళ్లు ఓడల లెక్క చెప్పారు, రాసుకుంది. పైపులైను వాళ్లు తగ్గించాం అన్నారు, రాసుకుంది. రిఫైనరీ ప్రతినిధి "ప్రస్తుతానికి చెప్పడానికేమీ లేదండి" అన్నాడు. ఆ వాక్యం ఆయన ఎండ కాసే రోజున కూడా చెబుతాడు, కానీ ఇవాళ "అండి" దగ్గర చిన్న విరామం వినబడింది, లేక వినబడిందనుకుందా, మామూలుగా ఆ విరామాలు చదవడమే తన వృత్తి, ఎవడు మాట్లాడాడన్నది కాదు, రోజూ మాట్లాడేవాడు ఇవాళ ఎందుకు మాట్లాడలేదన్నదే ఈ పనిలో అసలు వార్త అని చేరిన కొత్తలో పెద్దావిడ నేర్పింది. పెద్దావిడ అంటే ఈ డెస్కుకు పై అధికారి, గాజు గది లోపల కూర్చుంటుంది, కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని దాని కోసమే వెతుకుతుంటుంది. రోజూ మాట్లాడేవాడు ఇవాళ మాట్లాడటం లేదు. తమ్ముడి నంబరు మళ్లీ నొక్కింది. స్విచ్ఛాఫ్. అప్పుడు, ఎందుకో ఆలోచించకుండానే, నవ్వులాయనకు ఫోన్ చేసింది. ఆయన ఆ తీరంలో పెట్రోలు అమ్మించే మధ్యవర్తి, ప్రతి మాటకూ ముందు ఒక నవ్వు నవ్వుతాడు కనుక ఆ పేరు, తనే పెట్టుకుంది మనసులో. "ఏమండీ, రిఫైనరీ లోపల ఏమైనా అయిందని విన్నారా" అని అడిగింది. ఆయన నవ్వలేదు. "ఏమైంది" అన్నాడు. "ఏం లేదండీ, ఊరికే, మీరేమైనా విన్నారేమోనని." "మీరేం విన్నారు." "నేనేం వినలేదు." "అలాగా" అని పెట్టేశాడు. తరవాత గొణుగుడాయనకు చేసింది, ఆయన బంకుల కోసం కొనేవాడు, నోట్లో వక్కపలుకు పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది, ఆయన కూడా ఏదో గొణిగి పెట్టేశాడు. ఇంకొకాయనకు కూడా చేయబోయింది, ఆగింది, తెర వైపు చూసింది.

తెర మీద నవ్వులాయన అమ్మకం మాట మాయమైపోయింది. ఇందాకటిదాకా ఉంది, తను నమోదు చేసిందే, ఇప్పుడు లేదు, వెనక్కి తీసుకున్నాడు. దాని కిందివాడూ తీసుకున్నాడు. కొనేవైపు గొణుగుడాయన మాట ఒక మెట్టు ఎక్కింది, ఇంకో మెట్టు, ఇంకెవరో దాని మీద ఎక్కారు, ఎర్ర అంకెలు ఒకదాని భుజాల మీద ఒకటి నిలబడుతున్నాయి, ఆమెకు ముందు కలిగింది భయం, అయితే నిజమేనన్నమాట, వీళ్లకేదో తెలిసింది, అక్కడేదో అయింది, తమ్ముడికేదో అయింది, నీళ్ల సీసా మూత తిప్పుతుంటే రాలేదు, అటు తిప్పుతున్నానా ఇటా. ఆ తరవాత కలిగింది సిగ్గు. వీళ్లకేమీ తెలీదు. వీళ్లకు తెలిసిందల్లా తను అడగడం. ధర కట్టే మనిషి, ధర కట్టే గంటలో, గొంతు ఒణుకుతూ ఫోన్ చేసి రిఫైనరీలో ఏమైనా అయిందా అని అడిగితే, అది ప్రశ్నలా ఎవడికి వినబడుతుంది. ఒక అక్క అడిగింది. వాళ్లకు వినబడింది ఆఫీసు. తన భయాన్నే వాళ్లు కొని, దానికో అంకె వేసి తెర మీద తనకే తిరిగి చూపిస్తున్నారు, దాన్ని చూసి తను ఇంకా భయపడింది. అటుపక్కవాడు ఆవులిస్తే ఇటుపక్కవాడికి ఆవులింత వచ్చినట్టు. ఇప్పుడు ఆ అంకెను తీసుకుని రేపు పాలవ్యాను ట్యాంకులో పోస్తారు.

గాజు గది తలుపు తోసింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "మేడమ్, ఈ పెరుగుదల నా వల్ల వచ్చింది" అని జరిగింది జరిగినట్టు చెప్పింది, తన తప్పు దాచడం చేతగాని మనిషి, చిన్నప్పుడు బడిలో సుద్దముక్క విరిగినా లేచి నిలబడేది. పెద్దావిడ అంతా విని, నుదుటి మీద కళ్లజోడు కిందికి దించుకుని తెర చూసింది. "నువ్వు ధర పెరుగుతుందని చెప్పావా." "లేదు." "రిఫైనరీ ఆగిందని చెప్పావా." "లేదు మేడమ్. అడిగాను." "అడగడం మన పని." "నేను పని కోసం అడగలేదు." పెద్దావిడ కళ్లజోడు మళ్లీ నుదుటి మీదికి ఎక్కించుకుంది. తరవాత, "ఎందుకు పెరిగింది అన్నది మన లెక్కలోకి రాదమ్మా. భయంతో కొన్నా కొన్నట్టే, ప్రేమతో అమ్మినా అమ్మినట్టే. బేరం కుదిరితే అది ధర. వెళ్లి ముఖం కడుక్కో. మీ తమ్ముడి సంగతి తెలియగానే నాకు చెప్పు, నాకూ ఒకడున్నాడు" అంది. ఆ చివరి మాట ఊహించలేదు. ముఖం కడుక్కోవడానికి వెళ్లింది, అద్దంలో అమ్మ కనబడింది, ఈ కళ్ల కింద గీతలు ఎప్పుడు వచ్చాయి, నీళ్లు చల్లగా ఉన్నాయి, తమ్ముడికి ఈత రాదు, రిఫైనరీలో ఈతతో పనేమిటి, వరద వస్తే, వరద రాదు, గట్టు ఉంది, గట్టు సంగతి పోయినేడు తనే రాసింది, గట్టు ఎత్తు ఎంతో కూడా రాసింది, ఇప్పుడు గుర్తు రావడం లేదు, రాసినవన్నీ ఎక్కడికి పోతాయి.

జేబులో ఫోన్ ఒణికింది. తమ్ముడు. తడి చేతుల్లోంచి జారబోయింది. "ఒరే." "అక్కా, ఏంటి ఇన్ని సార్లు చేశావ్. అమ్మ ఇంకా ఎక్కువ చేసింది. మీ ఇద్దరూ పందెం కాశారా." గొంతు వాడిదే, బొంగురుగా ఉంది, అరిచి అరిచి బొంగురుపోయినట్టు. "ఫోన్ ఎందుకు ఆపావురా." "యూనిట్ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరని నీకు తెలీదా. నిప్పురవ్వ భయం. లాకర్లో పెట్టి పోయా. నువ్వే కదా దాని మీద ఏదో పెద్ద వ్యాసం రాశానన్నావ్." రాసింది. ఇంత పెద్ద వ్యాసం. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకే దారిన రాబోయి రెండూ ఆగిపోయాయి. "దెబ్బలేమైనా తగిలాయా." "నాకేం కాలేదు. కరెంటు పోయి పెద్ద యూనిట్ ఆగిపోయింది. పద్ధతిగానే దించాం. నాకేం కాలేదు." రెండోసారి "నాకేం" అన్న చోట వాడి గొంతు ఆగింది. విరామాలు చదవడం తన వృత్తి. "మరి ఎవరికిరా" అంది.

పరంజా మామకు. పరంజా మామ ఎవరంటే, ఎత్తు పనుల కోసం, చమురు శుద్ధి చేసే యూనిట్ చుట్టూ ఇనుప గొట్టాలతో, పలకలతో పరంజా కట్టే గుత్త జట్టుకు మేస్త్రి. తమ్ముడికి చుట్టమేమీ కాదు; అక్కడ పడుచువాళ్లందరినీ అల్లుడూ అనే పిలుస్తాడు, తనకు కూతుళ్లే లేరు కనుక భయం లేదంటాడు. తమ్ముడు కంట్రోలు గదిలోంచి బయటికొస్తే పైనుంచి కేకేస్తాడు, "అల్లుడూ, మీకు ఏసీకి కరెంటు ఖర్చు, మాకు ఇక్కడ చల్లగాలి ఊరికే వస్తోంది, కాస్త మూటగట్టి పంపనా" అని. తుపాను వేళ పరంజా మీద పలకలు ఉండకూడదు, గాలికి లేస్తే కత్తుల్లా ఎగురుతాయి, ముందే విప్పి దించేయాలి. మొన్ననే యూనిట్ ఆపి ఉంటే నిన్న పగలంతా నింపాదిగా విప్పుకునేవాళ్లు. "ఆపలేదక్కా. ధర బాగుంది కదా, ఇంకో పూట నడుపుదాం అన్నారు పైవాళ్లు. నడుస్తున్న యూనిట్ పక్కన విప్పకూడదు కదా. ఇవాళ మధ్యాహ్నం గాలికి కరెంటు పోయి, యూనిట్ ఆగాక విప్పమన్నారు. ముందు తన మనుషులందరినీ కిందికి పంపాడు. ఆఖరి రెండు పలకలూ తనే విప్పుతానన్నాడు. ఒకటి విప్పాడు." తమ్ముడు ముక్కు చీదుకున్నాడు. "బతికే ఉన్నాడు. నడుం కింద ఏమీ తెలియడం లేదంటున్నాడు. రోడ్డుకడ్డంగా చెట్టు పడితే అంబులెన్సు ఆగిపోయింది, మేమే వ్యానులో ఎక్కించి వేరే దారిన పంపాం. ఎక్కిస్తుంటే నన్ను చూసి, అల్లుడూ ఆ రెండో పలక ఇంకా పైనే ఉంది, కింద ఎవర్నీ తిరగనీకు అన్నాడు." "ఆస్పత్రికి చేరారా." "తెలీదు. సిగ్నల్ పోతోంది. అమ్మకు నువ్వే చెప్పు, నాకు బాగుందని." లైను తెగింది.

ధర బాగుంది కదా. ఆ మాట పట్టుకుని ఆమె కుళాయి దగ్గరే నిలబడిపోయింది, కట్టేశాననుకున్న కుళాయి కారుతూనే ఉంది. ఈ వారమంతా రోజూ సాయంత్రం అంకె కట్టింది ఎవరు. తుపాను పుట్టిందన్నారు, ఒక మెట్టు, ఇటే తిరిగిందన్నారు, ఇంకో మెట్టు, ఓడలు ఆగాయి, ఇంకోటి, ఎక్కడా తప్పు కట్టలేదు, బేరం ఎక్కడ కుదిరితే అక్కడే కట్టింది, దిద్దుకోవడానికి ఒక్క చుక్క కూడా లేదు, ఆ సరైన అంకెలే ఒక్కొక్కటీ చదివి ఎవరో చల్లటి గదిలో ఇంకో పూట అన్నారు. ఇన్నాళ్లూ తుపాను వల్ల ధర పెరుగుతుందనే చెప్పింది, నాన్నకు, పరీక్షలకు, నివేదికలకు. ఆ ధర మళ్లీ వెనక్కి తిరిగి తుపానులోకి వెళ్లి, ఒక మనిషిని పరంజా మీద నిలబెట్టి ఉంచుతుందని ఏ పేజీలోనూ రాయలేదు. అయినా లోపల ఏదో తేలికపడింది, తమ్ముడు కాదు, తమ్ముడు కాదు, ఆ తేలిక ఎంత హాయిగా ఉందో అంత రోతగానూ ఉంది, తువ్వాలు తీసి ముఖం గట్టిగా తుడుచుకుంది, ఇంకో ఇంట్లో ఇప్పుడు ఎవరో స్విచ్ఛాఫ్ అని వింటూ ఉంటారు.

అమ్మకు ఫోన్ చేసి బాగున్నాడని చెప్పింది. అమ్మ ఏడ్చి, ఆ వెంటనే, "అన్నం తిన్నాడా" అంది. పెద్దావిడకు చెప్పింది. నాలుగున్నరకు తెర ఆగింది, అంకె కట్టింది. ఈ మధ్యకాలంలో అంత పెద్ద అంకె కట్టలేదు. ఆ తరవాత కాసేపటికే రిఫైనరీ వాళ్ల ప్రకటన వచ్చింది, పెద్ద యూనిట్ ఆగిందని, కొన్ని వారాలు పడుతుందని, పెట్రోలు సరఫరాకు వేరే ఏర్పాట్లు చూస్తున్నామని. నవ్వులాయన ఫోన్ చేసి ముందు నవ్వి, "మీకు ముందే తెలుసు, చెప్పలేదు గానీ అడిగినప్పుడే పట్టేశాను" అన్నాడు. పక్క బల్ల వాళ్లు వార్తను ముందే వాసన పట్టే ముక్కన్నారు. కాదని ఎంత చెప్పినా వినయం అనుకుంటారని ఊరుకుంది. నివేదికలో ధర ఎందుకు పెరిగిందో రాసే చోట ఓడలు రాసింది, పైపులైను రాసింది, కరెంటు రాసింది, యూనిట్ రాసింది, ఆఖర్న, "ధర ఎక్కువగా ఉండటంతో యూనిట్‌ను ముందే ఆపలేదు, పరంజా విప్పుతూ ఒక మేస్త్రి పడిపోయాడు" అని రాసింది. పెద్దావిడ చదివి, ఆ వాక్యం మీద వేలు పెట్టింది, కొట్టేయలేదు. "దీన్ని ధ్రువీకరించిన వాళ్లెవరూ లేరమ్మా. మీ తమ్ముడి మాట వేయలేం, వాడి ఉద్యోగం పోతుంది." "తెలుసు మేడమ్." "అయినా ఇది ధరకు సంబంధించింది కాదు." "సంబంధించిందే." "అయి ఉండొచ్చు" అంది పెద్దావిడ, "కానీ ఏ గడిలో పెట్టమంటావు." ఓడలకు గడి ఉంది. గాలికి ఉంది. పన్నుకు, రవాణాకు, బంకువాడి లాభానికి ఉంది. ఆమె చాలాసేపు ఆ పట్టికను చూసింది, పై నుంచి కిందికి, కింది నుంచి పైకి. ఆ వాక్యాన్ని తన చేత్తోనే తీసేసింది.

మీరు రేపు పొద్దున బంకు దగ్గర ఆగుతారు. ధర చూసి తిట్టుకుంటారు, తిట్టుకోండి, మీ కష్టార్జితం అది. ప్రభుత్వాన్ని అంటారు, కంపెనీలను అంటారు, తుపానును అంటారు, వీలైతే ధర కట్టిన వాళ్లను కూడా నాలుగు మాటలనండి. కానీ ట్యాంకు నిండుతున్నంతసేపు మీకెలాగూ వేరే పనేమీ ఉండదు. ఆ కాస్త సేపూ, తన మనుషులందరినీ ముందు దించి తను ఆఖర్న పైన ఉండిపోయిన ఆ పరంజా మేస్త్రిని ఒక్కసారి తలుచుకోండి.